కొండసీమలో కొన్ని దినములు

మన మునగాల సీమ మెరకయు పల్లమును గల మైదానము. నాగార్జునసాగరపు ఎడమ కాలువ నీటితో ఇచట వరిపైరు పచ్చగా పెరుగును. మన బాలబాలికలకు కొండ యనగానే ఊరిచెంత నుండు గుట్ట గుర్తుకు వచ్చును. గుట్టపై గుడి యుండును. పండుగనాడు మెట్లెక్కి, దేవుని దర్శించి, ప్రొద్దు గ్రుంకకముందే దిగివత్తుము. కాని కొండమీదనే పుట్టి, కొండమీదనే పంటలు పండించుకొని, కొండమీదనే ముదిమి చెందు జనులు లోకమున కోట్లకొలది కలరు. వారి కష్టము వేరు, నేర్పు వేరు. అట్టి కొండసీమ యొకటి మన తెలుగువారి పొరుగుననే కలదు. అది విశాఖపట్టణమునకు వాయవ్యమున తూర్పు కనుమలలో నున్న అరకు ప్రాంతము.

ఒకప్పుడు మునగాల పరగణా నలువైపుల నిజాము రాజ్యము ఆవరించి యుండగా, నడుమ దీవివలె కృష్ణాజిల్లాకు చెంది యుండెను. 1959లో అది నల్లగొండ జిల్లాలో చేరినది. నేడు సూర్యాపేట జిల్లాలో నున్నది. ఆ పరగణాకు దివానుగా పనిచేసిన కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు 1906లో వెలసిన విజ్ఞానచంద్రికా మండలికి ప్రాణము పోసిరి. లోకమందలి విషయములన్నియు తెలుగువారికి తెలుగులోనే తెలియవలెనని వారు విజ్ఞానసర్వస్వమును సంకలనము చేయ పూనుకొనిరి. చిన్న ఊరిలో నుండియు పెద్ద లోకమును చూడవచ్చునని వారి జీవితము మనకు బోధించుచున్నది. కావున విద్యార్థులారా, మనమును ఒకమారు మన పొలిమేర దాటి కొండలెక్కి వత్తము రండు.

నేను ఉద్యోగవిరమణ చేసిన పిమ్మట, ఒక మార్గశిర మాసమున విజయవాడమీదుగా విశాఖపట్టణము చేరితిని. మరునాటి ఉదయమున కిరండూల్ పోవు రైలెక్కితిని. బైలడిల్లా కొండలలోని ఇనుపరాతిని విశాఖ రేవునకు దింపి, అచటినుండి జపాను దేశమునకు పంపుటకై 1960వ దశకమున ఈ దారిని నిర్మించిరి. కొత్తవలస, శృంగవరపుకోట దాటువరకు దారికి ఇరుప్రక్కల మామిడితోటలు, తాటిచెట్లు మనకు పరిచయమైనవే కనిపించును. ఆపై రైలు కొండ నెక్కుట కారంభించును. ఒక ప్రక్క నిలువుగా నిలిచిన బండ, మరియొక ప్రక్క కన్ను తిరుగునంత లోతైన లోయ. రైలు ఒక సొరంగమునుండి వెలువడి వంతెన దాటి మరల సొరంగమున దూరును. ఇట్టి సొరంగములు యాభైకి పైగా కలవు. చీకటి కమ్మినప్పుడెల్ల బోగీలోని పిల్లలు కేకలు వేయుచుండిరి. వెలుతురు వచ్చినప్పుడెల్ల పెద్దలు కూడ కిటికీ చెంతకు జరుగుచుండిరి. శిమిలిగూడ అను స్టేషను సముద్రమట్టమునకు సుమారు 1,000 మీటర్ల ఎత్తున నున్నది. బ్రాడ్‌గేజి దారిలో అది చాలకాలము దేశమున కెల్ల ఎత్తైన స్టేషనుగా పేరుగాంచినది. అది దాటగానే కొండలు వెనుకకు తొలగి, అరకులోయ విశాలమైన పళ్ళెరమువలె కన్నులయెదుట తెరచుకొనినది.

అది వలిసెలు పూచిన కాలము. నూనెగింజలకై వేసెడి ఆ పైరు లోయనంతటిని పసుపుపచ్చగా చేసియుండెను. ఆ పసుపునకు ఆవల ముదురాకుపచ్చని కొండలు, వానికి ఆవల నీలపు కొండలు, అన్నిటిమీద తెల్లని మంచు. ఉదయము తొమ్మిది గంటలవరకు ఎదుటి మనిషి కనిపింపడు. గొంతు మాత్రము వినిపించును. పిదప ఎండ కాచునప్పుడు మంచు పొరలుపొరలుగా లేచి, ఒక్కొక్క ఊరిని మనకు చూపుచున్నట్లు తొలగిపోవును.

ఆ ప్రాంతమున బగతలు, కొండదొరలు, కోదులు, పోర్జలు, గదబలు, కోటియలు, వాల్మీకులు మొదలగు పలు తెగలవారు నివసించుచున్నారు. నేను చూచిన ఊరిలో ఇండ్లు రెండు వరుసలుగా ఎదురెదురుగా నుండెను. గోడలకు ఎర్రమట్టి పూసి, అడుగున వేరు రంగు పట్టీ దిద్దియుండిరి. అరుగులు అలికి నున్నగా నుండెను. ఇప్పుడు పెక్కు ఇండ్లకు పూరికప్పు పోయి రేకులు, స్లాబులు వచ్చినవి. అయినను అరుగు పోలేదు. పొలమునుండి వచ్చినవారు మొదట అరుగుమీద కూర్చుండి, ప్రక్కయింటివారితో మాటలాడిన పిదపనే లోపలికి పోవుచుండిరి.

ఒక ఇంటి ముసలమ్మ ఎండిన ఆనపబుర్రలోనుండి రాగి అంబలి వంచి నాకు ఇచ్చినది. “మీ దేశంలో వరన్నమే తింటారు గదా బాబూ, ఇది మీకు సయిస్తుందా?” అని అడిగినది. “మా తాతలనాడు మేమును జొన్నసంకటి తిన్నవారమే తల్లీ” అంటిని. ఆమె నవ్వి మరికొంత పోసినది. కాలువలు రాకపూర్వము మన పల్లెలలో జొన్న, సజ్జ ముఖ్యాహారముగా నుండిన సంగతి మీ యింటి పెద్దల నడిగిన తెలియును. కొండవారు మాత్రము రాగులను, సామలను, కొర్రలను విడిచిపెట్టలేదు. ఈ ధాన్యములు వాన తక్కువైనను పండును. సన్నని నేలలోను వేరూనును. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. లోకము వాని విలువను అప్పుడు కొనియాడినది. ఆ ముసలమ్మకు అది ఎన్నడో తెలిసిన సంగతియే.

ఇచట ఒకమారు ఆగి దూరపు కొండలను కూడ తలచుకొందము. దక్షిణ అమెరికా ఖండపు పడమటి అంచున ఆండీస్ పర్వతములు సుమారు 7,000 కిలోమీటర్ల పొడవున వ్యాపించియున్నవి. పెరూ దేశమందలి కుస్కో నగరము సుమారు 3,400 మీటర్ల ఎత్తున నున్నది. అది ఒకప్పుడు ఇంకా చక్రవర్తుల రాజధాని. మన తూర్పు కనుమలలో మిక్కిలి ఎత్తైన శిఖరములు 1,700 మీటర్ల కంటె తక్కువే. ఎత్తున పోలిక లేదు. బ్రతుకున పోలిక కలదు. ఆండీసువారు కొండవాలును మెట్లుమెట్లుగా చెక్కి, రాతికట్టలు కట్టి, మన్ను జారిపోకుండ పంటలు పండించిరి. మన తూర్పు కనుమలలో సవరలును వాగుల వెంబడి రాతికట్టలు పేర్చి మెట్లపొలములలో వరి పండింతురు. ఒకరినొకరు ఎరుగని జనులు ఒకే కష్టమునకు ఒకే ఉపాయమును కనుగొనిరి.

మనము కూర వండుకొను బంగాళాదుంప ఆండీసువారు మొదట సాగుచేసినదే. వారు ఆ దుంపను రాత్రి మంచులో గడ్డకట్టించి, పగలు కాళ్ళతో త్రొక్కి నీరు పిండి, ఎండబెట్టి దాచుకొందురు. ఇట్లు చేసిన దుంప ఏండ్ల తరబడి చెడదు. మంచు పంటకు శత్రువు. ఆ శత్రువునే వారు నౌకరుగా మార్చుకొనిరి. చదువుకొననివారికి శాస్త్రము తెలియదని మనము తొందరపడి అనరాదు.

కొండవారి లోకమును చూడవలెనన్న సంతకు పోవలెను. వారమునకు ఒకనాడు జరుగు సంతకు తెల్లవారకముందే చుట్టుప్రక్కల కొండలనుండి జనులు దిగివత్తురు. చింతపండు, పసుపు, మిరియాలు, రాజ్మా చిక్కుళ్ళు, అడ్డాకులు, తేనె, కొండచీపుళ్ళు అచట రాసులు పోసియుండును. మన యింటి వాకిలి నూడ్చు చీపురు ఏ కొండవాలున పెరిగినదో మన మెన్నడును విచారింపము. నేను ఆనాడు ఆ చీపురుగడ్డిని కోసి, కట్టగట్టి, తలపై మోసికొనివచ్చిన స్త్రీని చూచితిని. సంతకు వచ్చుటకు ఆమెకు మూడు గంటల నడక.

పూర్వము దిగువనుండి వచ్చిన వర్తకులు ఉప్పును, బట్టను అప్పుగా ఇచ్చి, ఆ యప్పునకు బదులుగా పంటను, తుదకు భూమిని కూడ తీసికొనుచుండెడివారు. ఆ దోపిడిని మాన్పుటకై 1956లో గిరిజన సహకార సంస్థను స్థాపించిరి. అది అటవీవస్తువులను నిర్ణీతమైన ధరకు కొని, వారికి కావలసిన సరుకులను అమ్మును. కొండభూములు గిరిజనేతరుల చేతికి పోరాదని 1959వ సంవత్సరపు నిబంధనయు, దానిని కట్టుదిట్టము చేసిన 1970వ సంవత్సరపు సవరణయు శాసించుచున్నవి.

సాయంకాలమున థింసా నృత్యమును చూచితిని. స్త్రీలు ఒకరి నడుముచుట్టు ఒకరు చేయివేసి, గొలుసువలె నిలిచి, డప్పుల దరువునకు అడుగులు వేయుదురు. గొలుసు వలయమగును, వలయము పాముచుట్టగును, మరల విచ్చుకొనును. ఒక థింసాలో ఆకులేరుట కనిపించును. మరొకదానిలో పులి వచ్చినప్పుడు ఊరివారు ఒకరినొకరు కాపాడుకొనుట కనిపించును. ఇందు ముందు నిలిచి మెప్పుపొందువారు లేరు. ఒక్క యడుగు తప్పిన వరుస యంతయు తప్పును. కావున అందరును అందరి యడుగులను గమనించుచుందురు. ఇరుకైన కొండదారిలో కలసి నడువనేర్చినవారి ఆట అట్లే యుండును గదా!

ఆ లోయలో పలు భాషలు వినిపించును. వేరువేరు తెగలవారు కలిసినప్పుడు ఆదివాసీ ఒడియాలో మాటలాడుకొందురు. కోదుల కువి, కొండదొరల కూబి భాషలు మన తెలుగువలె ద్రావిడభాషలే. పండితులు వానిని తెలుగుతోబాటు ఒకే శాఖలో చేర్చిరి. ప్రసిద్ధ భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు అరకు ప్రాంతమున తిరిగి కూబి భాషను పరిశోధించి 1969లో గ్రంథమును ప్రకటించిరి. అంతకు పూర్వమే గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, సవరలతో కలసిమెలసి వారి భాషను నేర్చిరి. సవర పిల్లలకు సవరభాషలోనే చదువు చెప్పవలెనని తమ సొమ్ముతో బడులు పెట్టిరి. సవర వ్యాకరణమును, నిఘంటువులను రచించిరి. లిపి లేని భాషకు గౌరవము లేదని తలచిన కాలమున, మాటలాడు మనిషికి గౌరవమున్నచో ఆతని మాటకును గౌరవముండవలెనని వారు తమ పనిచే చాటిరి. ఆండీసు ప్రాంతమున లక్షలాది జనులు మాటలాడు కెచువా భాషకు పెరూ ప్రభుత్వము 1975లో అధికారభాషా ప్రతిపత్తి నిచ్చినది. స్పెయిన్ దేశీయులు 1532లో ఆ నేలను ఆక్రమింప మొదలిడిన నాటినుండి లెక్కించిన, ఆ గౌరవము దక్కుటకు నాలుగు వందల సంవత్సరములకు పైగా పట్టినది.

మరునాడు బొఱ్ఱా గుహలకు పోయితిని. వాననీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని సున్నపురాతిని కొంచెము కొంచెముగా కరిగించును. ఆ నీరు గుహ పైకప్పునుండి బొట్టుబొట్టుగా రాలునపుడు సున్నము పేరుకొని పైనుండి ఊడలు దిగును, క్రిందినుండి స్తంభములు లేచును. ఒక్క అంగుళము పెరుగుటకే ఎన్నియో తరములు గడచును. ఆ గుహలోతున గోస్తనీనది ప్రవహించుచున్నది. దేవుడు ఆ చీకటిలో వెలసెనని స్థానికులు పూజింతురు. శాస్త్రజ్ఞుడు ఆ చీకటిలో కాలమును చదువును.

ఈ రాళ్ళను గూర్చియే ఒక గొప్ప వ్యాజ్యము జరిగినది. బొఱ్ఱా యున్న అనంతగిరి మండలమున గనుల త్రవ్వకమునకు ప్రైవేటు కంపెనీలకు భూములను కౌలున కిచ్చిరి. సమత అను సంస్థ న్యాయస్థానమున కెక్కినది. 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, షెడ్యూలు ప్రాంతములందలి ప్రభుత్వభూములను సైతము గిరిజనేతరులైన ప్రైవేటు వ్యక్తులకుగాని, కంపెనీలకుగాని గనులకై ఇయ్యరాదని శాసించినది. కొండవాలున రాగులు పండించుకొను రైతు మొర దేశపు అత్యున్నత న్యాయస్థానమున వినిపించుట మన రాజ్యాంగమునకు భూషణము.

ఆ మొర పూర్వకాలమున ఇట్లు వినబడలేదు. 1839లో ఆంగ్లేయ ప్రభుత్వము ఒక చట్టము చేసి గంజాము, విశాఖపట్టణముల కొండసీమలను సామాన్య న్యాయస్థానములనుండి వేరుచేసి, కలెక్టరును గవర్నరు ఏజెంటుగా నియమించినది. ఏజెన్సీ అను పేరు నాటిదే. తరువాత అడవిచట్టములు వచ్చినవి. పోడు కొట్టిన శిక్ష. కట్టె తెచ్చిన జరిమానా. రోడ్లు వేయుటకు చాలీచాలని కూలికి బలవంతపు చాకిరి. ఈ బాధలే 1922లో అల్లూరి సీతారామరాజు తిరుగుబాటునకు మూలమైనవి. ఆ యేడు ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణాపై పడి ఆయన అనుచరులు ఆయుధములను చేకొనిరి. 1924 మే 7న ఆ వీరుడు ప్రాణము లర్పించెను. 2022లో పాడేరు కేంద్రముగా ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టిరి. ఆండీసులోను గనులలో నిర్బంధపు చాకిరికి, పన్నుల బాధకు ఓర్వలేక 1780లో రెండవ టుపాక్ అమారు నాయకత్వమున జనులు తిరుగబడిరి. కొండలు వేరైనను కన్నీటికి రుచి యొక్కటియే.

పోడు వ్యవసాయమును గూర్చి రెండు మాటలు. కొండవాలున పొదలను, చెట్లను నరికి కాల్చి, ఆ బూడిదలో రెండుమూడేండ్లు పంట తీసి, పిదప ఆ నేలను విడిచి వేరొక చోటికి పోవుటయే పోడు. విడిచిన నేలపై అడవి మరల పెరుగుటకు చాలినన్ని యేండ్లు దొరకినంతకాలము దానివలన హాని తక్కువ. జనము పెరిగి, అడవి తరిగి, ఆ గడువు కుదించుకొనిపోగా మన్ను వానకు కొట్టుకొనిపోసాగినది. దీనికి మార్గముగా దొరకిన పంట కాఫీ. అరబికా కాఫీకి చల్లని ఎత్తైన నేలయు, చెట్లనీడయు కావలెను. నీడకై సిల్వర్ ఓక్ చెట్లను పెంచి, వానిపై మిరియపు తీగలను ప్రాకింతురు. ఎర్రగా పండిన కాయలనే చేతితో ఏరి, తొక్క తీసి, కడిగి, ఎండబెట్టుదురు. 2019లో అరకులోయ కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది. నేడు అది విదేశములకు కూడ పోవుచున్నది.

కాయలేరుచున్న యువకు నొకని, “చెట్లు నిలిపిన పొలము తగ్గదా నాయనా?” అని అడిగితిని. అతడు, “మా తాత చెట్టు కొట్టి తిన్నాడు మాస్టారూ. నేను చెట్టు నిలబెట్టి తింటున్నాను. ధర పడిపోయిన ఏడాది మాత్రం చెట్టుకేసి చూసి కూర్చుంటాను” అని బదులు చెప్పెను. ఆ మాటలో ఆశయు కలదు, భయము కలదు. ఇంటి తిండికై పండించు రాగికి అంగడి ధరతో పని లేదు. కాఫీ ధరను మాత్రము ఎచటనో దూరదేశపు అంగడి నిర్ణయించును. కావుననే తెలివిగలవారు కాఫీతోబాటు రాగిచేనును విడువరు.

కొండసీమ అందమును మాత్రమే చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. శిఖరములపైనున్న కొన్ని పల్లెలకు నేటికిని బండిబాట లేదు. ప్రసవవేదనపడు తల్లినిగాని, జ్వరపడిన బిడ్డనుగాని గుడ్డతో కట్టిన డోలీలో పడుకొనబెట్టి, కర్రను భుజములపై మోసికొని వాగులు దాటి దిగవలసియున్నది. మనకు వినోదయాత్రలో మనోహరముగా తోచు లోయ ఆ రాత్రివేళ వారికి ప్రాణములకు అడ్డముగా నిలుచును. చూచువాని కంటికిని, నివసించువాని కాలికిని కొండ ఒక్కటి కాదు.

మరియొక ముఖ్యవిషయము. అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తనీనది నీటిని తాటిపూడి జలాశయమున నిలిపి విశాఖ నగరవాసులకు త్రాగునీరుగా ఇచ్చుచున్నారు. మాచ్‌ఖండ్ నదిపై కట్టిన జలవిద్యుత్కేంద్రము 1955లో పనిచేయ మొదలిడి మైదానపు ఊళ్ళకు దీపములు వెలిగించినది. ఆ నీరు నిలుచుటకై లోయలోని గిరిజన గ్రామములు మునిగినవి. పలు కుటుంబములు తాతలనాటి పొలములను విడిచి పైకొండలకు పోయినవి. మీట నొక్కగానే వెలుగు దీపము వెనుక ఆరిపోయిన పొయ్యి లెన్నియో యున్నవని మనము మరువరాదు.

విద్యార్థులారా! మీలో కొందరు ఎప్పుడో ఒకప్పుడు అరకులోయకు విహారయాత్ర పోవుదురు. పోవలసినదే. అప్పుడు జలపాతమును, గుహలను చూచి మాత్రమే మరలిరాకుడు. సంతలో వస్తువు కొనునపుడు దానిని మోసికొనివచ్చిన నడకను లెక్కింపుడు. ఒకరి యింటిముందు నిలిచి ఛాయాచిత్రము తీయునపుడు ముందుగా అనుమతి యడుగుడు. వారి భాషలో ఒక్క మాటయైనను నేర్చుకొని పలుకుడు. కొండవారు వెనుకబడినవారని ఎవరైన అన్నచో, వారి నీరు త్రాగి, వారి లోయలలో పుట్టిన వెలుగున చదువుకొని, వారికి బాట వేయుట మరచినవారిలో ఎవరు వెనుకబడినవారో మీరే ఆలోచింపుడు. నదులు కొండలనుండి మైదానమునకు దిగివచ్చుచున్నవి. మన కృతజ్ఞత మైదానమునుండి కొండలకు ఎక్కిపోవలెను.

ప్రశ్నలు

1. ఏజెన్సీ అను పేరు ఎట్లు వచ్చినది?
2. ఆండీసు జనులకును, తూర్పు కనుమల జనులకును గల పోలికలను వ్రాయుము.
3. గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలకు చేసిన సేవ యెట్టిది?
4. పోడు వ్యవసాయము ఎప్పుడు హానికరమైనది? ఎందుచేత?
5. “చూచువాని కంటికిని, నివసించువాని కాలికిని కొండ ఒక్కటి కాదు” — ఈ వాక్యమును వివరింపుము.
6. మీ యింటి పెద్దలను అడిగి, మీ ఊరిలో పూర్వము పండిన ధాన్యములను గూర్చి పది వాక్యములు వ్రాయుము.